కట్లు విప్పిన గది

ఆస్పత్రిలో ఆమెను అందరూ ఎందుకక్క అనేవారు. నర్సుగా చేరిన కొత్తలో ఏ పని చెప్పినా "ఎందుకు?" అని అడిగేదట. ఎదురు చెప్పాలని కాదు, నిజంగానే తెలుసుకోవాలని. కొందరు ఓపిగ్గా చెప్పేవారు, కొందరు "నోరు మూసుకుని చెయ్యి" అని కసిరేవారు. పేరు మాత్రం అతుక్కుపోయింది. ఇంట్లో అత్తగారు కూడా, "కూరలో ఉప్పు తగ్గిందేమే అంటే, మీకలా ఎందుకనిపించింది అత్తయ్యా అంటుంది మా కోడలు" అని చుట్టాల దగ్గర చెప్పి నవ్వించేది.

ఎందుకక్క పనిచేసేది ఐసీయూలో. ఊపిరి తీసుకోలేనివాళ్లకు నోట్లోంచి గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటర్‌కు తగిలిస్తారు. మత్తులో, జ్వరంలో ఏం జరుగుతోందో తెలియక వాళ్లు ఆ గొట్టం పీకేసుకుంటారని, రెండు చేతులనూ బ్యాండేజీ గుడ్డతో మంచం కమ్మీలకు కట్టడం అక్కడి పద్ధతి. అందులో కాఠిన్యమేమీ లేదు. దిండు సర్దినట్టే చేతులూ కట్టేవారు.

ఒకసారి బతికి బయటపడిన ఒక ముసలి బడిపంతులు, వార్డుకు మారుస్తుండగా తన మణికట్ల మీది నల్లటి చారలు ఆమెకు చూపించాడు.

"నేనేం దొంగతనం చేశానమ్మా?" అన్నాడు.

ఆయన పరిహాసమాడడం లేదు. ఆ రోజులన్నీ తనను ఎవరో పట్టుకెళ్లి కట్టిపడేశారనే అనుకున్నాడట. చేతులు కట్టకపోతే గొట్టాలు నిజంగానే ఎక్కువ ఊడతాయా? ఎందుకక్క ఐసీయూ పెద్ద డాక్టరునే అడిగింది.

"ఊడతాయి" అన్నాడాయన.

"మన దగ్గర ఎప్పుడైనా చూశారా సార్? కట్టినప్పుడు ఎన్ని, కట్టనప్పుడు ఎన్ని అని?"

"కట్టకుండా ఎప్పుడుంచాం, చూడ్డానికి?"

అప్పటికి ఆమె ఉద్యోగం చేస్తూనే నర్సింగ్‌లో పీజీ చదువుతోంది. కాలేజీలో తనకు దారి చూపే మేడం దగ్గరికెళ్లి ఈ సంగతే కదిపింది. ఇద్దరూ వేరే దేశాల్లో నర్సులు చేసిన పరిశోధనలు వెతికి చదివారు. ఒకచోట కట్టడం మేలన్నారు, ఒకచోట తేడా లేదన్నారు, ఇంకోచోట కట్టినవాళ్లే ఎక్కువ పీక్కున్నారన్నారు.

"అయితే మన గదుల్లో ఏమవుతుందో మనమే చూడాలి" అంది మేడం.

ఐసీయూలో రెండు గదులున్నాయి. ఒక దాంట్లో ఎప్పటిలాగే కట్టాలి. రెండో దాంట్లో కట్లు విప్పి, చేతులకు మందపాటి గుడ్డ తొడుగులు వేసి, ఇంటివాళ్లలో ఒకరిని పక్కన కూర్చోబెట్టాలి. సగం కాలం అయ్యాక రెండు గదుల పద్ధతులూ తారుమారు చేయాలి. ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే రోగిని ఇందులో చేర్చాలి. ఇలాంటి పరిశోధనలకు అనుమతిచ్చే ఆస్పత్రి ఎథిక్స్ కమిటీ సవాలక్ష ప్రశ్నలు వేసి చివరికి సరేనంది.

"ఒక్క ప్రాణం మీదికొచ్చినా ఆపేస్తాను" అన్నాడు పెద్ద డాక్టరు. "నీ డిగ్రీ కంటే నాకు పేషెంటు ముఖ్యం."

"నాక్కూడా సార్" అంది ఎందుకక్క.

అందరికంటే గట్టిగా అడ్డుపడింది ఐసీయూ ఇన్‌ఛార్జి, పెద్ద సిస్టర్. ఎందుకక్కకు పని నేర్పిందే ఆవిడ. ఎన్నో ఏళ్ల కిందట ఒక బాలింత గొట్టం పీకేసుకుని ఆవిడ చేతుల్లోనే పోయింది. అప్పట్నుంచి ప్రతి డ్యూటీలోనూ ముడులు తనే పట్టి చూసుకునేది.

"నీ ప్రశ్నకి జవాబు నేను కళ్లారా చూశానే పిల్లా" అంది. "ఆ అమ్మాయి మొహం నాకింకా గుర్తుంది. నీకా అనుభవం రాకూడదని చెప్తున్నా."

"మీరు చెప్పింది నేను కాదనట్లేదక్కా. కానీ..."

"తెలుసులే నీ కానీ."

పరిశోధన మొదలైంది. మొదటి వారాల్లో కట్లు విప్పిన గదిలో ఏ చెయ్యి కదిలినా ఎందుకక్క పరుగున వెళ్లి చూసేది. ఇంట్లో ఫోను మోగితే ఉలిక్కిపడేది. మెల్లగా అలవాటు పడింది. ఒక ముసలావిడ తన కూతురి జడ పట్టుకుని పడుకునేది. ఒకాయన తొడుగులతోనే గాల్లో ఏవో లెక్కలు వేసుకునేవాడు. గొట్టాలు ఉన్నచోటే ఉన్నాయి. ఎందుకక్క ముఖంలోకి నవ్వు తిరిగొచ్చింది.

ఆ తరువాత వడ్రంగి వచ్చాడు. ముప్పై దాటని మనిషి. న్యుమోనియా రెండు ఊపిరితిత్తులనూ పట్టేసింది. అరచేతులు పీటల్లా ఉన్నాయి, తొడుగులు అతికష్టం మీద పట్టాయి. ఇంట్లో అతనూ చెల్లెలూ, అంతే. ఆ అమ్మాయే సంతకం పెట్టి, అన్న పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

నాలుగోనాడు మధ్యాహ్నం ఎందుకక్క అదే గదిలో, రెండు మంచాల అవతల, మరో రోగికి సెలైన్ మారుస్తోంది. "సిస్టర్!" అని కేక వినిపించింది. తిరిగి చూసేసరికి వడ్రంగి లేచి కూర్చున్నాడు. తొడుగులు వేసిన రెండు అరచేతుల మధ్య గొట్టాన్ని చెక్కను పట్టినట్టు అదిమిపట్టి ఒక్క గుంజు గుంజాడు. గొట్టం బయటికొచ్చేసింది. మెషిన్లన్నీ ఒక్కసారిగా గోల పెట్టాయి.

ఎందుకక్క పరుగున వెళ్లి అతని ముఖానికి మాస్కు అదిమింది. దానికి తగిలించిన సంచిని చేత్తో నొక్కుతూ గాలి కొట్టసాగింది. గాలి లోపలికి సరిగా వెళ్లడం లేదు. గొట్టం జారకుండా దాని చివర ఉండే గాలిబుడగ ఉబ్బి ఉండగానే బయటికి రావడంతో గొంతు ఒరుసుకుపోయి వాచింది. పెదాలు నీలంగా మారుతున్నాయి. తెర మీద ఆక్సిజన్ అంకెలు దిగిపోతున్నాయి. పెద్ద డాక్టరు వచ్చి కొత్త గొట్టం వేయబోయాడు. వెళ్లలేదు.

"కొట్టు, గాలి కొట్టు" అన్నాడు పళ్లు బిగించి.

ఆమె కొట్టింది. వేళ్లు తిమ్మిరెక్కాయి. మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ వెళ్లలేదు. అతని గుండె వేగం తగ్గడం మొదలైంది. గోడకు ఆనుకుని నిలబడ్డ చెల్లెలు "అన్నయ్యా, అన్నయ్యా" అని గొణుగుతోంది, ఆమెను బయటికి తీసుకెళ్లాలని కూడా ఎవరికీ తోచలేదు. డాక్టరు చెయ్యి చాచేలోపే పెద్ద సిస్టర్ అన్నింటికంటే సన్నని గొట్టం ఆ చేతిలో పెట్టింది. మూడోసారి అది వెళ్లింది. ఛాతీ లేచింది. అంకెలు ఆగి, వెనక్కి ఎక్కసాగాయి.

పెద్ద సిస్టర్ వడ్రంగి దుప్పటి సర్ది, మూత్రం గొట్టం సరిచేసి, జేబులోంచి బ్యాండేజీ గుడ్డ తీసింది. అతని రెండు చేతులూ కమ్మీలకు కట్టింది. కడుతున్నంతసేపూ ఎందుకక్క వైపే చూసింది. ఎందుకక్క వద్దనలేదు.

బట్టలు మార్చుకునే గదిలో ఒక నర్సు ఆమె పక్కకొచ్చి గొంతు తగ్గించింది. వాగుడెక్కువని ఆ నర్సును అందరూ గలగల అనేవారు.

"అక్కా, ఎలాగూ బతికాడుగా. గొట్టం బ్లాకైతే మనమే మార్చామని రాసేద్దాం. లేకపోతే నీ రెండేళ్ల కష్టం బూడిదలో పోసినట్టే."

ఆ మాట ఎందుకక్కకూ అప్పటికే ఒకసారి మనసులోకి వచ్చి పోయింది, అందుకే ఒళ్లు మండింది.

"ఇది దాచి మిగతావన్నీ నిజమే రాశామంటే ఎవరు నమ్ముతారే? నేనే నమ్మను."

ఆ సాయంత్రమే జరిగింది జరిగినట్టు రాసి కమిటీకి పంపింది. పెద్ద డాక్టరు పరిశోధన ఆపేయించాడు. రెండు గదుల్లోనూ ముడులు పడ్డాయి, ఇంటివాళ్లను బయటికి పంపేశారు.

ఎందుకక్క భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పళ్లెం ముందు కూర్చుని మెతుకు ముట్టని భార్యను చూసి, "నీకెందుకే లేనిపోని ఈ నెత్తిమీద కుంపటి?" అన్నాడు. అంతలోనే తనే మెత్తబడ్డాడు. "ఇంతకీ అతనెందుకు పీకాడు?"

"మత్తులో ఉన్నాడు. తెలియక."

"తెలియకేనా? లిఫ్టు ఆగిపోతే నేను ముందు లోపలున్నవాళ్లని అడుగుతా, ఆగేముందు ఏమైందని. పక్కన ఆ అమ్మాయి ఉందన్నావుగా. అడిగావా?"

అడగలేదు. అందరినీ ఎందుకని అడిగే మనిషి ఆ ఒక్కమాట అడగలేదు.

మర్నాడు ఐసీయూ బయటి బెంచీ మీద వడ్రంగి చెల్లెలు కూర్చుని ఉంది. ఎందుకక్కను చూడగానే ముఖం తిప్పుకుంది.

"మీ ప్రయోగానికి మా అన్నయ్యే దొరికాడా?"

"నువ్వు కోప్పడడంలో తప్పు లేదమ్మా" అంటూ ఆమె పక్కన, కాస్త ఎడంగా కూర్చుంది. ఆ అమ్మాయే ఏడుస్తూ నోరు విప్పింది.

"నేను చూస్తూనే ఉన్నాను. ఇక్కడ చేత్తో తట్టుకుంటూనే ఉన్నాడు." తన పొత్తికడుపు చూపించింది. "చలేస్తోందేమోనని దుప్పటి కప్పాను. తోసేశాడు. మళ్లీ కప్పాను. మీరందరూ పనిలో ఉన్నారు, ఇంత చిన్నదానికి పిలిస్తే ఏమనుకుంటారోనని..."

"దుప్పటి కోసం కాదు. మూత్రం కోసం" అని వెనక నుంచి గొంతు వినిపించింది. పెద్ద సిస్టర్ తలుపు దగ్గర నిలబడి ఉంది. "నిన్న దుప్పటి సర్దుతుంటే చూశాను. మూత్రం గొట్టం తొడ కింద మెలికపడింది. సరిచేయగానే బ్యాగు బుడబుడా నిండిపోయింది. కడుపు పగిలిపోతున్నంత నొప్పి ఉండుంటుంది పాపం."

"నిన్ననే ఎందుకు చెప్పలేదక్కా?" అంది ఎందుకక్క.

"కోపంలో ఉన్నాను. కమిటీలో చెప్తాలే."

కమిటీ కూర్చున్న రోజు ముందు ఎందుకక్కే లేచింది. తొడుగులూ, పక్కన మనిషీ ఉంటే చాలనుకున్నానని, నోట్లో గొట్టమున్న మనిషి తన బాధ చెప్పుకునే దారి గురించి ఆలోచించలేదని ఒప్పుకుంది. పొరపాటు తనదేనంది. అధ్యక్షుడు పెద్ద సిస్టర్ వైపు తిరిగాడు.

"చేతులు కట్టి ఉంటే ఇది జరిగేదా?"

"జరిగేది కాదేమో సార్" అందావిడ. ఎందుకక్క కళ్లు దించుకుంది. "కానీ ఆ నొప్పి ఎవరికీ తెలిసేదీ కాదు. ఇన్నేళ్లు నేనే కట్టాను. గుంజుకుంటుంటే ముడి ఇంకా బిగించాను. అందులో ఎంతమందికి ఎక్కడ నొప్పి పుట్టిందో నేనెప్పుడూ చూడలేదు. నాకిష్టం లేకుండానే చెప్తున్నాను, ఈ పిల్ల మొదలుపెట్టింది ఆపకండి."

వాదన సాయంత్రం దాకా సాగింది. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. రెండు గదుల్లోనూ గంటకోసారి నర్సు రోగి దగ్గర నిలబడి, బొమ్మల అట్ట చూపించి బాధేమిటో అడగాలి. నొప్పి, దాహం, దురద, మూత్రం, చలి, ఇలా బొమ్మలు. కట్టిన గదిలో ఆ కాసేపూ ఒక చెయ్యి విప్పాలి. అట్ట కోసం మొదటి బొమ్మలు గలగల గీసింది. దాహం బొమ్మ చూసి బకెట్ అనుకున్నవాళ్లే ఎక్కువ. మళ్లీ గీయించారు.

మిగిలిన నెలలు మరింత కష్టంగా గడిచాయి. ఇంకోసారి అలా జరిగితే దానికి జవాబుండదని అందరికీ తెలుసు. జరిగింది కూడా. ఈసారి కట్టిన గదిలో ఒకాయన తలను చేతి దగ్గరికే వంచి గొట్టం లాగేసుకున్నాడు. ఆయనా బతికాడు. ఆ వేళ పెద్ద సిస్టర్ ముడి వైపు చూస్తూ చాలాసేపు నిలబడిపోయింది.

ఫలితాలు వచ్చాయి. కట్లు విప్పితే గొట్టాలు తక్కువ ఊడతాయని ఎందుకక్క ఆశపడింది. అలా కాలేదు. రెండు గదుల్లోనూ ఇంచుమించు సమానమే. అయితే కట్టినవాళ్లలో మతి తప్పి కలవరించినవాళ్లు ఎక్కువ, వాళ్లు ఐసీయూలో ఉన్న రోజులూ ఎక్కువ. బొమ్మల అట్ట వచ్చాక రెండు గదుల్లోనూ గొట్టాలు ఊడడం తగ్గింది.

"అయితే అట్ట వల్లే తగ్గిందని రాసెయ్యి" అంది గలగల.

"రాయలేం. అంతకుముందు కూడా కొద్దిగా తగ్గుతూనే ఉంది. అది తేలాలంటే ఇంకో పరిశోధన చెయ్యాలి."

"దేవుడా!" అంది గలగల.

ఐసీయూలో పద్ధతి మారింది. డాక్టరు కారణం రాస్తేనే చేతులు కట్టాలి, ఆ కారణం ఉందో లేదో ప్రతి డ్యూటీలో మళ్లీ చూడాలి. మనుషులు తక్కువైన రోజుల్లో అక్కడక్కడా ముడులు ఇప్పటికీ పడుతూనే ఉంటాయి. ఎందుకక్క విప్పి, కట్టినవాళ్లను పిలిచి మాట్లాడుతుంది.

వడ్రంగి కోలుకున్నాడు కానీ గొంతు మునుపటిలా రాలేదు. బొంగురుపోయి, పెద్దగా పిలవాలంటే వీలుకాని గొంతు. ఛాతీ పరీక్షకని వచ్చిన ఒకరోజు ఎందుకక్క అతన్నీ చెల్లెలినీ టీ తాగుదామని కూర్చోబెట్టి, ముందు క్షమించమంది. అతను చేత్తోనే పోనిమ్మన్నట్టు సైగ చేశాడు. తరువాత ఆమె కొంచెం జంకుతూ బొమ్మల అట్ట అతని ముందు పెట్టింది.

"రెండో పరిశోధనకి దీన్ని సరిచేస్తున్నాం. ఇందులో ఏం తక్కువైందో మీలా అక్కడ పడుకున్నవాళ్లకే తెలుస్తుంది."

అతను లావుపాటి వేలితో ఒక్కొక్క బొమ్మా తడుముతూ చివరిదాకా చూశాడు.

"అన్నీ ఒంటి బాధలే" అన్నాడు బొంగురుగా. "కట్లు కట్టాక, చెల్లి బయటే ఉందా, ఇంటికెళ్లిపోయిందా అని అడగాలనిపించేది. దానికేదీ?"

ఎందుకక్క కలం తీసి అట్ట వెనక ఒక తలుపు గీసింది, దాని అవతల ఒక మనిషిని గీసింది. అతను చూసి తల అడ్డంగా ఊపాడు.

"అది దొంగలా ఉందక్కా" అని కలం తన చేతిలోకి తీసుకున్నాడు.