పేర్లు పీకేసిన వాన

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను కంప్యూటర్ కోర్సు చేసిన చోట మా సారు అన్ని రోగాలకూ ఒకే మందు ఇచ్చేవాడు. ప్రోగ్రాం మొరాయిస్తే లేబుళ్లు, అంటే అంకెల పక్కనుండే పేర్లు, పీకేయమనేవాడు. అంకెలు మిగులుతాయి, అంకెలు ఎదురు చెప్పవు. ఈ మాట ఎర్రసిరాతో రాసుకుని బట్టీ పట్టాం. ఆ చదువుకే ఎల్బీనగర్‌లో ఉద్యోగం కూడా వచ్చింది, అది వేరే వింత.

మా ఆఫీసు పని బిల్డర్లకు వాన కబురు చెప్పడం. మా పట్టికలో ప్రతి అంకెకూ ఊరు, తేదీ, గంట అంటిపెట్టుకుని ఉంటాయి. రెండు పట్టికలు కలిపితే కంప్యూటరే పేరుకు పేరు వెతికి జోడిస్తుంది, వరస ఎలా ఉన్నా దానికి పట్టింపు లేదు. దానికి అంత బుద్ధి ఉందని నాకు తెలుసు. నాకు లేదని అప్పటికి తెలియదు.

నేను అద్దెకుండేది గడ్డిఅన్నారంలో, మా ఓనరు మూడంతస్తుల ఇంట్లో. పండ్ల మార్కెట్ వెళ్లిపోయినా గుర్తు అడిగితే మార్కెట్ వెనక అనే చెబుతాడు. మెట్ల కింద మోటారు స్విచ్చుల బోర్డు మీద, ప్రతి స్విచ్చుకూ అంతస్తు, పోర్షను, నీళ్ల వేళ పెయింటుతో రాయించాడు. అది చూసి నేను నవ్వుకునేవాణ్ణి. ఆయన తుర్కయంజాల్‌లో తనకు మిగిలిన ఆఖరి భూమి ముక్కలో ఇల్లు కడుతూ, స్లాబు ఏ రోజు వేయాలో పంతుల్ని కాదని నన్ను అడిగాడు. నా ఛాతీ ఉబ్బింది.

స్లాబు వేసే రోజు పొద్దున వాన అంచనాల పట్టికకు మేం కొలిచిన సవరణల పట్టిక కలపాలి. గంటలు రెండింట్లో రెండు పద్ధతుల్లో రాసి ఉండటంతో అవి కలవలేదు. సారు మందు గుర్తొచ్చింది. పేర్లన్నీ పీకేసి, అంకెలు కలిపి, పైన మా ఆఫీసు జాబితాలోని ఊళ్ల పేర్లు వరసగా అంటించాను. అంచనాలు అక్షరక్రమంలో ఉన్నాయనీ, మా జాబితా అలా లేదనీ చూసుకోలేదు. తుర్కయంజాల్‌కు ఎండ, పెద్ద అంబర్‌పేట్‌కు కుండపోత వచ్చాయి. ఓనరుకు ఫోన్ చేసి భయం లేదన్నాను.

మధ్యాహ్నం తుర్కయంజాల్‌లో పచ్చి స్లాబు మీద వాన దంచింది. సిమెంటు కొట్టుకుపోయి కంకర తేలింది. అదే వేళ పెద్ద అంబర్‌పేట్‌లో మా కస్టమరొకాయన కూలీలను ఊరికే కూర్చోబెట్టి, టార్పాలిన్లు పరిచి, చెమట తుడుచుకుంటూ ఆకాశం చూశాడట.

సాయంత్రం ఓనరు మోకాళ్ల దాకా బురదతో వచ్చి మెట్ల కింద నిలబడ్డాడు. జరిగింది దాచకుండా చెప్పాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆయన తిట్టలేదు, తిడితే బాగుండేది. స్విచ్చుల బోర్డు చూపించాడు.

"గీ పేర్లు కిరాయికున్నోళ్ల కోసం రాపిచ్చిన అనుకుంటున్నవా బిడ్డా? ఈ ఇల్లు కట్టింది నేనే, స్విచ్చులు పెట్టిచ్చింది నేనే. రాయకుంటే నాకే యాదికుండది."

పై పొర చెక్కి మళ్లీ వేయాలన్నాడు మేస్త్రీ. ఈసారి ఓనరు పంతులు దగ్గరికే పోతాడనుకున్నాను. పది రోజులకు నా గది తలుపు తట్టాడు. ఫోన్ తెరిచి, రేపు వాన లేదని చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"వాన తర్వాత చెప్పు. ముందుగాల ఊరి పేరు సదువు."

చదివాను.