తుడిచాక తీసిన రీడింగు

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు నన్ను బోధన్ నుంచి నిజామాబాద్ కంట్రోల్ రూముకు సబ్ డివిజనల్ ఇంజనీరుగా వేశారు. అక్కడి కంప్యూటరు జిల్లాలోని ప్రతి టెలిఫోన్ ఎక్స్ఛేంజీకీ నిమిషానికోసారి పింగ్ అనే చిన్న పలకరింపు పంపుతుంది. బదులు రాకపోతే తెర మీద ఎర్ర గుర్తు పడుతుంది. ఆ పసుపు సీజనులో భీమ్‌గల్ వైపు పది పలకరింపుల్లో మూడింటికి బదులు లేదు.

అక్కడ గంగారాం అనే కాంట్రాక్టు టెక్నీషియన్ ఉండేవాడు. ఫైబరులో వచ్చే వెలుగు బలాన్ని పవర్ మీటరుతో కొలిచి రిజిస్టరులో రాయడం అతని పని. మేం ఫిర్యాదు చేసినప్పుడల్లా వెళ్లి కొలిచేవాడు. ప్రతిసారీ ఒకే అంకె, మైనస్ పద్నాలుగు, అంటే వెలుగు సరిపడా ఉన్నట్టు. ఆ తర్వాత రెండు మూడు రోజులు లైను బాగుండేది, మళ్లీ మామూలే. పదిహేను రీడింగులు అచ్చు గుద్దినట్టుంటే ఎవరైనా ఏమనుకుంటారు? కుర్చీలోంచి లేవకుండా రాస్తున్నాడనుకున్నాను. రీడింగులు కల్పితమనీ, అతన్ని తీసేయమనీ కాంట్రాక్టరుకు ఉత్తరం పంపాను. ఆ ఇంటికి అతని జీతమొక్కటే ఆధారమని మా క్లర్కు గుర్తుచేశాడు. అది నా పరిధిలోది కాదన్నాను.

మీటరు వెనక్కి తీసుకోవడానికి నేనే వెళ్లాను. ఎక్స్ఛేంజీ పక్కనే పసుపు కొమ్ములు పాలిష్ పట్టే షెడ్డు. కిటికీ ఊచల నుంచి ఫ్యాను రెక్కల దాకా అంతా పసుపు పొడే. ఆఖరిసారి నా ఎదుట కొలవమన్నాను. అతను ఫైబరు చివరి కనెక్టరు ఊడదీశాడు, జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి స్పిరిటుతో మొన తుడిచాడు, తర్వాత మీటరుకు పెట్టాడు. మైనస్ పద్నాలుగు. గుడ్డ మీద పచ్చటి మరక ఉంది.

ఎందుకు తుడిచావని అడిగాను.

“తుడ్వకుంటె రీడింగు తప్పొస్తది గద మేడం. ట్రైనింగుల మీరే చెప్పిండ్రు,” అన్నాడు.

నిజమే, నేనే చెప్పాను. ఫైబరు కలిపే పెట్టె మూత విరిగి, వదులైన కనెక్టరు సందులోంచి పొడి లోపలికి చేరి వెలుగుకు అడ్డుపడుతోంది. కొలిచే ముందు అతను తుడవగానే జబ్బు పోతోంది. ఆరోగ్యంగా ఉన్న లైనునే అతను ప్రతిసారీ కొలిచాడు, కొలిచిందే రాశాడు. నాకు సిగ్గేసింది. ఆ మాట అతనితోనే అన్నాను.

ఉత్తరం వెనక్కి తీసుకున్నాను. వారం ఆగి తుడవకుండా కొలిపిస్తే మైనస్ ఇరవై ఏడు వచ్చింది, అంటే వెలుగు బాగా పడిపోయినట్టు. మూత మార్పించి, రిజిస్టరులో ‘తుడవక ముందు’ అని ఇంకో గడి గీయించాను. గంగారాం ఉద్యోగం నిలిచింది. కానీ ఆ తర్వాత ప్రతిసారీ ఫోను చేసి, “మేడం, ఇగ తుడ్వాల్నా?” అని అడిగితే గానీ గుడ్డ బయటికి తీసేవాడు కాదు.

రీడింగు ఎంత వచ్చిందని అడిగే ముందు, ఎలా తీశావని అడగాలి. ఒక్క నిమిషం పట్టే ఆ ప్రశ్న నేను ఆరు వారాలు అడగలేదు. అడగకుండానే, చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషిని అబద్ధాలకోరని సంతకం పెట్టి మరీ రాశాను.