మా ఆయన చిగుళ్లు, ఊరి దుమ్ము

ఇనుపరాయికి రేటు వచ్చిన కాలంలో మా ఇంట్లో మొదట మారింది బీడీ. బళ్లారి పక్కన మోక దగ్గరి ఊళ్లో వేరుశనగ, మిరప పండించుకునే రోజుల్లో మా ఆయన బీడీలే తాగేవాడు. అదీ పొలం గట్టు చాటున, వాళ్ల నాయన కంట పడకుండా. తర్వాత టిప్పర్లు కొన్నాడు, గనుల నుంచి రాయి తోలించడం మొదలుపెట్టాడు, మేం బళ్లారి టౌన్లో బ్రూస్‌పేటకు ఇల్లు మారాం. ఇక బీడీ ఆయన హోదాకు చాలలేదు. బంగారు అంచున్న పెట్టెల్లో సిగరెట్లు వచ్చాయి. తెల్ల చొక్కా జేబులో ఆ పెట్టె సగం బయటికి కనబడేట్టు పెట్టుకునేవాడు. టిప్పర్లున్న మగవాళ్లంతా అట్లాగే పెట్టుకునేవాళ్లు. నలుగురు కూర్చుంటే ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో పొగలో తెలిసేది కాదు.

ఆ రోజుల్లో బళ్లారిలో ఏ తప్పుకైనా ముద్దాయి ఒక్కటే, ఎర్రదుమ్ము. అది చెడ్డది కాదని నేననను. ఆరేసిన చీర సాయంత్రానికి రంగు మారేది. అందరికీ దగ్గే. అయితే పిల్లలు పరీక్ష తప్పినా దుమ్మే, అల్లుడు అలిగి వెళ్లిపోయినా దుమ్మే అనేంత దూరం పోయింది వ్యవహారం. దుమ్ము ఎదురు చెప్పదు కదా, అందరూ దాని మీదే వేశారు.

పొద్దున పళ్లు తోముకునేటప్పుడు నా చిగుళ్ల నుంచి రక్తం వచ్చేది. పక్కనే నిలబడి మా ఆయన నురగ ఉమ్మి చూపించేవాడు. అది పాలంత తెల్లగా ఉండేది.

"చూడే, ఒక్క చుక్క రాదు. పొగ తాగితే చిగురు గట్టిపడతాది. నీకేం తెలుసు?" అనేవాడు.

నాకు తెలిసింది ఒక్కటే, ఆయన పళ్లు ఏటికేడు పొడుగవుతున్నాయి. కింది వరసలో ముందుపళ్ల మొదళ్లు పసుపుగా బయటపడ్డాయి, మధ్య సందులు నల్లగా తేలాయి. ఆ మాటే అన్నాను ఒకసారి.

"మనిషి ఎదుగుతాంటే పండ్లు ఎదగవా?" అన్నాడు.

ఒక నాయకుడి పుట్టినరోజుకు మా వీధి మొగదల పెద్ద ఫ్లెక్సీ కట్టారు. కింద వరసలో శుభాకాంక్షలు చెప్పేవాళ్లలో మా ఆయన నవ్వుతూ ఉన్నాడు. తలకాయంత తల కాదు, గంపంత తల. అందులో ఆ పళ్లు చూసి ఆయనే జడుసుకున్నాడు. నేరుగా ఫ్లెక్సీ అంగడికి పోయాడు. అంగడాయన కంప్యూటర్ ముందు కూర్చొని, "యాడిదాకా రావాలో చెప్పప్పా, చిగురు లాగుతా" అన్నాడట. లాగాడు. ఫ్లెక్సీ మార్చారు. ఆ నెలంతా వీధి మొగదల మా ఆయనకు పాలపళ్ల వయసు పిల్లలకుండే గులాబీ చిగుళ్లు. ఇంట్లో మాత్రం పాతవే.

చివరికి నా రక్తం గొడవ పడలేక నన్ను పంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె మా వీధిలోనే పుట్టి పెరిగిన మనిషి, పాత మిషన్ చర్చి కుటుంబం. నా నోరు చూసి, "గార పేరుకొని ఉండాదక్కా, అంతే. తీసేస్తాను. సరిగ్గా తోముకుంటే నిలిచిపోతాది" అంది.

బల్ల మీద కూర్చున్న మా ఆయన ఊరుకోలేదు. "నేను రోజూ చెప్తాండా మేడం, ఈమెకు తోముకునేది రాదు. నా నోట్లో చుక్క రక్తం రాదు."

డాక్టరు ఆయన వేళ్ల వైపు చూసింది. రెండు వేళ్ల చివర్లు పసుపుగా ఉన్నాయి. "రాండన్నా, మీవీ చూస్తాను" అంది.

సన్నటి పుల్లలాంటి పరికరంతో పంటికీ చిగురుకూ మధ్య కొలిచింది. అది లోపలికి దిగడం నాకే కనబడింది. అద్దం ఆయన చేతికిచ్చింది.

"చిగురు జారిపోతాంది, లోపల ఎముక కూడా కరుగుతాంది. పొగకు రక్తనాళాలు ముడుచుకుంటాయి. అందుకే రక్తం రాదు. అక్కకు రక్తం వచ్చింది కాబట్టి ఈడికి వచ్చింది. మీకు రాలేదు కాబట్టి ఇన్నేండ్లు రాలేదు."

"పొగ కాదు మేడం, దుమ్ము. దినామూ గనుల్లో తిరుగుతాండా కదా."

"ఆ దుమ్ము అక్క నోట్లోకి పోలేదా? నా నోట్లోకి పోలేదా?"

ఆయన కొంచెం ఆలోచించి, ఆ కాలంలో పెద్దమనుషులంతా వాడే ఉపాయం వాడాడు. "సరే, కొత్త చిగురు వేయండి. యాడ దొరుకుతాది, బెంగళూరా, బొంబాయా? తెప్పిస్తా."

"అంగట్లో దొరకదన్నా. జారింది దానంతట అది తిరిగి పెరగదు. కొందరికి అంగిటి నుంచి కాస్త తీసి కుడతారు. సిగరెట్ తాగేవాళ్లకు అదీ సరిగ్గా అతుక్కోదు. ముందు అది మానండి, మిగిలింది కాపాడుకుందాం."

డబ్బుతో కాని పని ఒకటుందని చెప్పిన డాక్టరు మంచి డాక్టరు కాదని దారిలోనే తీర్మానించాడు. ఇంటికొచ్చి సొంత వైద్యం మొదలుపెట్టాడు. అంగట్లో అన్నిటికంటే బిరుసైన బ్రష్ కొని, ఉప్పూ బొగ్గుపొడీ అద్ది, టిప్పర్ చక్రాలు కడిగినట్టు రుద్దాడు. మిగిలిన చిగురు ఇంకాస్త జారింది. చన్నీళ్లు తాకితే కళ్లు మూసుకునేవాడు. "గనుల దుమ్ము పంటి సందుల్లో ఇరుక్కుందప్పా, నీళ్లు తగిలితే అది పొంగుతాది!" అని మా వాళ్లందరికీ వివరించేవాడు. వినేవాళ్లు సిగరెట్ వెలిగించుకొని తల ఊపేవాళ్లు.

అట్లా నడుస్తుండగా, దొంగ తవ్వకాలని కోర్టు ఆపించేసరికి గనులు ఆగిపోయాయి. టిప్పర్లు ఊరి బయట వరసగా నిలబడ్డాయి, చక్రాల కింద గడ్డి మొలిచింది. రెండు వానలు పడేసరికి చెట్ల ఆకులు పచ్చగా ఉంటాయన్న సంగతి మా వీధికి గుర్తొచ్చింది.

ఒక పొద్దున జొన్నరొట్టె తింటూ మా ఆయన నమలడం ఆపాడు. "రొట్టెలో రాయి వేసినావేందే?" అని నోట్లోంచి ఏదో తీసి పళ్లెం అంచున పెట్టాడు. నేను తీసి కడిగి చూశాను.

"ఇది రాయి కాదప్పా. నీ పన్ను."

కొన్ని వారాలుగా ఆ కింది పన్ను ఊగుతోందని నాకు చెప్పలేదు. దాన్ని అరచేతిలో పెట్టుకొని తిప్పి తిప్పి చూశాడు. తర్వాత కిటికీలోంచి రోడ్డు వైపు చూశాడు. లారీ ఒక్కటీ లేదు. "ఇప్పుడు దుమ్ము కూడా లేదు కదా" అన్నాడు, ఎవరినో అడిగినట్టు. ఇట్లాంటి రోజు వస్తే ఏమేం అనాలో ఏళ్ల తరబడి కూడబెట్టుకున్నాను. వాటిని అట్లాగే పక్కన పెట్టాను. చెప్పులేసుకొని, "పోదాం పద" అన్నాను.

డాక్టరు పాత మాటలేవీ ఎత్తలేదు. నాలుగైదు సార్లు పిలిపించి చిగుళ్ల లోపలి దాకా గార తీసింది. మెత్తటి బ్రష్ ఇచ్చి, చిగురు నుంచి పంటి వైపు నెమ్మదిగా ఎట్లా తోమాలో, సందులకు చిన్న బ్రష్ ఎట్లా వాడాలో అద్దం ముందు చేయించింది. కొన్ని నెలలకొకసారి రమ్మంది.

సిగరెట్ మానడం మాత్రం అంత సాఫీగా జరగలేదు. మానిన మొదటి వారం ఫ్యానుతో కూడా పోట్లాడాడు. సోంపు డబ్బాలు ఖాళీ అయ్యాయి. ఒకసారి మధ్యలో జారి, రెండు రోజులు తాగి, మళ్లీ మానాడు. డాక్టరు నికోటిన్ చూయింగ్ గమ్ ఇస్తే నములుతూ ఊరి కోటగుట్ట చుట్టూ నడిచేవాడు. ఆ తర్వాత ఒక పొద్దున బ్రష్ పట్టుకొని పరుగెత్తుకొచ్చాడు.

"చూడే, రక్తం! మానితే రక్తం వస్తాంది. తాగినప్పుడే బాగుండె!"

పోయి ఆ మాటే చెబితే డాక్టరు నవ్వింది. "బాగుండలేదన్నా, కనబడలేదు. పొగ ఇన్నాళ్లూ వాపును దాచిపెట్టింది. ఇప్పుడు రక్తం సరిగ్గా పారుతాంది, లోపలి సంగతి బయటికొచ్చింది. తోమేది ఆపొద్దు, తగ్గుతాది."

ఆ కాలంలో మా ఊళ్లో కప్పిపెట్టిన సంగతులు చాలానే ఉన్నాయి గానీ, కొన్ని వారాల్లో తగ్గింది ఈ ఒక్కటే. జారిన చిగురు ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది, పైకి రాలేదు. కిందికీ పోలేదు.

ఇప్పుడు ఆయన పెద్ద బోధకుడు. పెళ్లిళ్లలో పొగ తాగేవాళ్ల పక్కనే కుర్చీ వేసుకొని, "రక్తం రాలేదా? అదే భయం!" అంటూ కింది పెదవి లాగి తన పళ్లు చూపిస్తాడు. వాళ్లు అన్నం మానేసి లేచిపోతారు. ఒకరిద్దరు సిగరెట్ కూడా మానారని విన్నాను. బళ్లారి ఎండకు ఊరంతా కుండనీళ్ల కోసం చూస్తుంటే ఆయన మాత్రం గోరువెచ్చని నీళ్లు తాగుతాడు. చల్లనివి తగిలితే పళ్లు జివ్వుమంటాయి. ఎవరైనా ఎందుకని అడిగితే, అరుగుదలకు మంచిదంటాడు.