నేనొక్కదాన్నే మానుకున్నాను

స్వచ్ఛంద పదవీ విరమణ కోరుతున్నానని నా చేత్తోనే రాసిచ్చాను. అందులో స్వచ్ఛందం ఎంతో తర్వాత తెలిసింది.

కుప్పంలో లెక్కల టీచర్ని. మదనపల్లెలో మా ఆయనకు స్టీలు సామాన్ల అంగడి. సోమవారం తెల్లారకముందే బస్సెక్కితే శనివారం సాయంత్రానికి ఇల్లు చేరేదాన్ని. వారమంతా అక్కడే అద్దెగదిలో ఉండేదాన్ని. తొమ్మిదేళ్లు అలాగే గడిచాయి. మా అత్తగారు తుంటి ఎముక విరిగి మంచాన పడితే పనిమనిషి చూసుకునేది.

"ఇంకెన్నాళ్లు బస్సుల్లో తిరగతావు? నువ్వు మానుకో. నేను గూడా అంగడి మూసేస్తా. ఇంట్లో ఇద్దరం హాయిగా ఉందాం" అన్నారాయన. ఆ మాట కోసం ముప్పయ్యేళ్లు ఎదురుచూసినదాన్ని.

"ఇంక నాలుగేళ్లే గదా మేడం, యాల తొందర?" అన్నారు మా హెడ్మాస్టరు. నవ్వి కాగితం చేతికిచ్చాను.

నేను ఇంటికొచ్చిన రెండోవారమే పనిమనిషిని మానిపించారు. అంగడి సంగతి అడిగితే పండగలు కానీ అన్నారు. పండగలయ్యాక పెండ్లిళ్ల సీజను అన్నారు. ఒకరోజు ఆయన అన్నం మరిచిపోతే నేనే తీసుకెళ్లాను. అంగడికీ పక్క అంగడికీ మధ్య గోడ లేదు. వడ్రంగి అరలు బిగిస్తున్నాడు.

"రెండూ ఒకటి చేస్తాండామమ్మా. సారు పోయినేడే మాట్లాడి పెట్టినాడు" అన్నాడతను.

అంటే నేను కాగితం రాయకముందే.

"నువ్వు ఒప్పుకోవని సెప్పలేదు. అమ్మను సూసుకునేదానికి ఇంట్లో మనిషి కావల్ల గదా" అన్నారు మా ఆయన, అరల మీది నుంచి చూపు తిప్పకుండా.

మర్నాడే కుప్పం వెళ్లాను. ఉత్తర్వులు వచ్చాక వెనక్కి తీసుకునే వీల్లేదని హెడ్మాస్టరు మెల్లగా చెప్పారు. నా గది ముందు ఎవరివో బట్టలు ఆరుతున్నాయి. తిరుగు ప్రయాణంలో పుంగనూరులో దిగిపోయి బస్టాండులో కూర్చున్నాను. మదనపల్లె బస్సులు రెండు వదిలేశాను. వెళ్లడానికి ఇంకో చోటు లేక మూడోది ఎక్కాను.

ఆ సాయంత్రం ఒళ్లు తుడుస్తుంటే అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"నీ సేత ఉద్యోగం మానిపించమని నేనడగలేదమ్మా. వద్దురా అని వానికి సెప్పినా. ఇనలేదు."

అప్పటిదాకా ఆమె మీదే మండిపడుతున్నాను. సిగ్గేసింది. తర్వాత రెండేళ్లు బతికారామె. ఆ ఇంట్లో నాతో మనసు విప్పి మాట్లాడింది ఆమె ఒక్కరే.

కర్మకాండలు ముగిసిన మర్నాడు అంగడి తెరవబోతూ ఆయన అన్నారు: "ఇంక నీకు తీరికే గదా. మధ్యాన్నం వచ్చి గల్లాపెట్టె కాడ కూర్చో."

"కూర్చోను" అన్నాను.

ఎందుకని ఆయన అడగలేదు. చెప్పులేసుకుని వెళ్లిపోయారు. ఇప్పటికీ పొద్దున తొమ్మిదికి అంగడి తెరుస్తున్నారు. ఎప్పుడు మూస్తారని నేనూ అడగడం మానేశాను.