నేను చెప్పిన రెండు సారీలు

కడపలో మేం అద్దెకు దిగిన ఇంటి ఓనరు కింది వాటాలో ఉండేవారు. జీవితమంతా బట్టలు కుట్టి ఆ ఇల్లు లేపిన ముసలాయన. నేను హైదరాబాదులో పెరిగాను. ఉద్యోగం ఇంట్లోంచే, ఫోన్ ఎప్పుడూ చేతిలోనే. ఆ వీధిలో రెండు రోజులకోసారి, గంటసేపే నీళ్లొస్తాయి. రాగానే ఆయన పైకొచ్చి మా తలుపు తట్టేవారు.

ఒకరోజు నేను ఇంటర్వ్యూ కాల్‌లో ఉండగా తట్టారు.

"పాపా, నీళ్లొచ్చినాయి. బిందెలు పెట్టుకుందువు రా. మళ్ల పోతాయి."

ఒకసారి కాదు, మూడుసార్లు. కాల్ ఆపి తలుపు తీసి అరిచాను.

"చదువు లేకపోతే సరే, బుద్ధి కూడా లేదా మీకు?"

మెట్ల మీద మేమిద్దరమే. కింద మోటారు హోరులో ఇంకెవరికీ వినపడలేదు. ఆయన "సరేలే పాపా, నీ బిందెలు నేనే పట్టి పెడ్తా" అని దిగిపోయారు.

సాయంత్రం ఎదురైతే, ఫోన్లోంచి తలెత్తకుండానే "సారీ అంకుల్" అన్నాను. అయిపోయిందనుకున్నాను. నాకు సారీ అంటే అంతే. బస్సులో ఎవరి కాలో తొక్కినా అదే, మీటింగ్‌కి లేటైనా అదే, అవతలివాళ్ల మాట వినపడకపోయినా అదే. ఎవరింట్లోనో మనిషి పోయారని స్టేటస్ చూస్తే, దాని కిందా అదే.

ఆ ఏడాదే ఆయన హజ్‌కి బయల్దేరారు. వెళ్లే ముందు తెలిసినవాళ్ల గడపలన్నీ తొక్కి మాఫ్ చేయమని అడగాలట. మా వీధి మొత్తం తిరిగారు. ఎదురింటి కిరాణా కొట్టాయన మాటలు నాకు బాల్కనీలోకి వినపడ్డాయి.

"ఏం భాయ్, నా చొక్కా బిగుతుగా కుట్టింది గూడా మాఫ్ చేయాల్నా?"

"అది నా తప్పు గాదప్పా, నీ కడుపు తప్పు!"

వీధంతా నవ్వింది. చివరికి మా గడపలోకొచ్చారు.

"నేను పోతాండా పాపా. పొద్దుపొద్దున్నే తలుపు కొట్టి నిన్ను శానా విసిగించినా. మాఫ్ చెయ్యి."

"అయ్యో, పర్లేదు అంకుల్."

"అట్ల గాదు. దేవునికి చేసిన తప్పు దేవుడు చూసుకుంటాడు. మనిషికి చేసింది ఆ మనిషే మాఫ్ చేయల్ల. నోటితో చెప్పు."

"చేశాను అంకుల్. హ్యాపీ జర్నీ!"

ఆయన ఇంకాస్త నిలబడ్డారు. తప్పు చేసింది నేను, అడగడానికొచ్చింది ఆయన. అది నాకు అప్పుడే తెలుసు. తెలిసీ, ఏదో మెసేజ్ వస్తే అటు చూశాను. తలెత్తేసరికి ఆయన మెట్లు దిగుతున్నారు.

ఆయన మళ్లీ రాలేదు. అక్కడే ఒంట్లో బాగాలేక పోయారు, అక్కడే మట్టి చేశారు.

ఆ వారం నిద్ర పట్టక, సారీ అనే మాట అసలెక్కడిదని ఫోన్లో వెతికాను. పాత ఇంగ్లీషులో దాని మూలం పుండు, నొప్పి అట. దుఃఖానికి వాళ్లు వాడే 'సారో' దీనికి తోబుట్టువులా వినపడుతుంది గానీ, దాని పుట్టుక వేరట. లోపల బాధతో ఉన్న మనిషినే మొదట్లో సారీ అనేవారట. మన్నించమని అడగడానికి వాడటం చాలా తర్వాతి సంగతి. ఆ సాయంత్రం నేనా మాట అన్నప్పుడు నాకెక్కడా నొప్పి లేదు. ఇప్పుడుంది. వినడానికి ఆయన లేరు.

నలభై రోజులు దాటాక కింది వాటాకి వెళ్లాను. ఆయన భార్య చాప మీద కూర్చుని బియ్యం ఏరుతున్నారు. జరిగిందంతా చెప్పాను, అన్న మాటతో సహా.

"సారీ ఆంటీ. ఆయన తరఫున మీరైనా మాఫ్ చేయండి."

ఆమె చేతులు ఆగిపోయాయి.

"నాతో ఏం చెప్పలేదే ఆయప్ప. దోమ కుట్టినా నాతో చెప్పే మనిషి."

నేను చాప అంచున కూర్చున్నాను.

"బుద్ధి లేదా అంటివా ఆయన్ని?" అన్నారు, చాలా మెల్లగా.

ఆయన మెట్ల దగ్గరే ఆపేసిన మాటను నేను మోసుకెళ్లి ఆమెకిచ్చాను. ఆమె నన్ను తిట్టలేదు. చాట పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచి, లోపలికి వెళ్లిపోయారు.