కుప్పం పాప షరతు

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి కారణం అక్కర్లేదు, కరెంటు ఉంటే చాలు. కరెంటు ఉంటే కంప్యూటర్ ఆన్ అయ్యేది, కంప్యూటర్ ఆన్ అయితే ఈమెయిళ్ళు వచ్చేవి, ఈమెయిళ్ళు వస్తే లోకంలో ఎంతమంది పని చేయకుండా తిరుగుతున్నారో తెలిసిపోయేది. మదనపల్లెలో పెళ్ళిపత్రికలు అచ్చువేసే ఒక ప్రెస్సులో డీటీపీ ఆపరేటర్ని. నేను కోపంగా కీబోర్డు మీద కొడుతుంటే పక్కింటివాళ్ళు వడగళ్ళ వాన అనుకుని మిద్దె మీద ఆరేసిన మిరపకాయలు లోపలికి తీసుకునేవారు. (నమ్మకపోతే వాళ్ళనే అడగండి. కాకపోతే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు.)

ఆ ప్రెస్సులోనే మా సంఘం పుట్టింది. పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగును మరో కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతల్లా కనిపించేది. దాన్ని ఎక్కడైనా చదవగలిగేలా మార్చే సాఫ్ట్‌వేర్ మేం ఏడుగురం కలిసి రాస్తుండేవాళ్ళం. ఓపెన్ సోర్స్ అన్నమాట. కోడంతా బయటే ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు, దిద్దొచ్చు, ఊరికే వాడుకోవచ్చు. మా మాటలు కూడా బయటే, అందరికీ కనిపించే మెయిలింగ్ లిస్టులో, అంటే ఒకరు రాస్తే అందరికీ చేరే ఈమెయిళ్ళలో. విద్యార్థులకు ఇలాంటి సంఘాల్లో మూడు నెలలు పని నేర్పించే కార్యక్రమం ఒకటి విదేశంలో ఉందని తెలిసి దరఖాస్తు పెడితే, ఏ దేవుడు కన్ను మూసుకున్నాడో, మమ్మల్ని తీసుకున్నారు. నిర్వాహకుణ్ణి నేనే. (ఎన్నుకున్న రోజు మీటింగుకు వచ్చింది నేనొక్కణ్ణే. ఏకగ్రీవం.)

మాకు దక్కిన విద్యార్థిని కుప్పంలో ఇంజనీరింగ్ చదివే అమ్మాయి. సంఘమంతా కుప్పం పాప అనేవాళ్ళం. ఆమెకు పని నేర్పాల్సింది మా పుంగనూరు మామ, అంటే మా అమ్మ తమ్ముడు, పాలిటెక్నిక్‌లో లెక్చరర్. కాలేజీలో స్నేహితురాళ్ళంతా చేరిన ట్రైనింగును వదులుకుని పాప ఇందులోకి వచ్చింది. ఇందులో పాసు కాకపోతే ఇంకెప్పుడూ ఈ కంప్యూటర్ ముచ్చట ఎత్తకూడదని ఇంట్లో మాట తీసుకున్నారట.

సగం గడువు గడిచాక ఒక బుధవారం పొద్దున విదేశం నుంచి జాబు వచ్చింది. మీ విద్యార్థిని రాసిన కోడు నెలరోజులుగా ఎక్కడా కనిపించడం లేదు, పని నేర్పాల్సిన మెంటారు ఆమెతో మాట్లాడిన జాడా లేదు, శుక్రవారం సాయంత్రంలోగా ఏదీ బయటికి రాకపోతే ఆమెను ఫెయిల్ చేస్తాం అని. చదివాక నాకు చెవుల్లోంచి పొగ వచ్చింది. ప్రెస్సు ఓనరు వాసన పట్టి మెయిన్ ఆఫ్ చేశాడు.

మామకు ఫోన్ చేశాను. "ఏం మామా, పని చేస్తాండారా, పండుకోనుండారా?"

"బ్రమ్మాండంగా జరుగుతాండాది అల్లుడా!"

"యాడ జరుగుతాండాది? లిస్టులో ఒక్క ముక్క లేదే!"

"ఫోన్లో అరిస్తే నాకు ఇనపడదు, ఈడికి రా" అని పెట్టేశాడు.

పుంగనూరు బస్సెక్కాను. నా కోపానికి కండక్టరు టికెట్ అడగడానికి జంకి డ్రైవరును పంపాడు. (బస్సు ఆపే పంపాడు లెండి.) మామ ఇంట్లో అడుగుపెట్టేసరికి బల్ల మీద మోకాలెత్తు కాగితాల కట్ట. పాప ప్రతి ఆదివారం కోడంతా ప్రింటు తీసి కుప్పం నుంచి పట్టుకొస్తే, మామ పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఎర్ర సిరాతో దిద్ది, పక్కన మార్కులు వేసి, కింద సంతకం పెట్టి ఇస్తున్నాడు.

"కోడు ఇంటర్నెట్లో పెట్టమంటే కాయితం మీద పెడతావా మామా! నువ్వు లెక్చరర్‌వా, రిజిస్టర్ ఆఫీసు రైటర్‌వా?"

"ఆయమ్మి బయట పెట్టనంటాండాది. నన్నేం అరుస్తావు, పొయ్యి ఆడ అరువు. ఉండు, నేనూ వస్తా, సూడ్డానికి బాగుంటాది."

పలమనేరు మీదుగా కుప్పం వెళ్ళేదాకా తిట్లు వరుసగా పేర్చుకున్నాను. బాధ్యత లేదా అనేది మొదటిది. మా పరువు తీశావు అనేది చివరిది. మధ్యలోవి ఇక్కడ రాయడానికి వీల్లేదు.

పాప గుమ్మంలోనే నిలబడి ఉంది. వాళ్ళమ్మ మజ్జిగ ఇచ్చింది. తాగితే కోపం చల్లారుతుందని తాగకుండా మొదలుపెట్టాను. "ఏమ్మా, నీకు బాధ్యతనేది ఉండాదా? నెల నుంచి ఒక్క లైనన్నా బయట పెట్టకుండా యాల దాచిపెట్నావు?"

ఆమె నాకంటే కోపంగా ఉందని అప్పుడు చూశాను. "మొదటి వారం పెట్నా గదన్నా. మీరేం రాసినారో గురుతుండాదా?"

గుర్తులేదు. ఆమెకు ఉంది. లోపలికి వెళ్ళి ఒక ప్రింటు తెచ్చి చేతిలో పెట్టింది. మొత్తం లిస్టుకు నేను రాసిన జవాబు: "ఇది కోడు కాదమ్మా, మదనపల్లె మార్కెట్ యార్డు ముందర టమోటా లారీ బోల్తా పడ్డట్టుంది." దాని కింద సంఘంలో నలుగురి నవ్వులు.

"మా నాయిన లారీ డ్రైవరన్నా. నేను మొట్టమొదట రాసిందానికి ఏం జవాబొచ్చిందని ఆశగా అడిగినాడు. సదివి ఇనిపిచ్చినా. నవ్వినాడు. మళ్ళా అడగలేదు. ఆ పొద్దే అనుకున్యా, తప్పులన్నీ పోయినంక గాని బయట పెట్టకూడదని."

నేను మజ్జిగ తాగాను. మామ వైపు తిరిగాను. "ఈ సంగతి నీకు తెల్సా? మరి నాకు యాల చెప్పలేదు?"

"కోపంలో ఉండావు గదా, ఎప్పుడు దిగుతావో సూసి చెప్దామని కాసుకోనుండా. నెలయింది."

పాప ఒకే షరతు పెట్టింది. నవ్వులపాలు చేసిన చోటే తప్పని రాయాలి. "రాసినాక గంటలో నా కోడంతా బయట పెడతా. రాయకపోతే ఫెయిలైనా సరే." ఆమె కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ణి, మూడు వాక్యాలు రాయలేనా అనుకున్నాను. మొదటిసారి రాసిందాంట్లో 'సరదాకి అన్నాను' అని ఉంది. "పనికిరాదు" అంది పాప. రెండోసారి 'ఎవరైనా నొచ్చుకుని ఉంటే' అని ఉంది. "ఎవరైనా ఏంది, నేను నొచ్చుకున్యా" అంది. మూడోదాన్ని మామ ప్రింటు తీయించి, ఎర్ర పెన్నుతో కొట్టేసి, పదికి రెండు మార్కులు వేశాడు. ఒకటి దస్తూరికట. (ప్రింటుకు దస్తూరేమిటని అడిగితే అదీ తీసేశాడు.) చివరికి మిగిలింది ఇంతే: "పాపా, నీ కోడు గురించి నేను రాసిన మాట తప్పు. తప్పు ఎక్కడుందో చూపించాల్సింది పోయి పదిమందిలో నవ్వాను. క్షమించు." పంపే బటన్ నొక్కడానికి నా వేలు రాలేదు. కోపం అంతా అప్పుడు వేళ్ళల్లోకి దిగి ఉంది కాబోలు. వాళ్ళమ్మ తలుపు దగ్గర నిలబడి చూస్తుంటే నొక్కేశాను.

గంట అనింది గాని అరగంటలోనే కోడంతా బయట పెట్టింది. నెలరోజుల పని, ముక్కముక్కగా, ఏది ఎందుకు మార్చిందో వివరంగా. మామ తన ఎర్ర కాగితాలన్నిటికీ ఫోటోలు తీసి లిస్టులో పెట్టాడు. శుక్రవారం విదేశం నుంచి జవాబు వచ్చింది: ఆ ఎర్ర రాతల భాష మాకు రాదు గానీ ఇంత శ్రద్ధగా దిద్దే మెంటారును చూడలేదు, విద్యార్థిని పాసు. పాప ఆ జాబును వాళ్ళ నాయినకు ఫోనులో రెండుసార్లు చదివి వినిపించిందట. రెండోసారి ఆయనే అడిగాడట.

ఇప్పుడు మా సంఘం తరఫున ఆ కార్యక్రమం నడిపేది ఆ పాపే. నాకు మెంటారు పని ఇవ్వమని ఏటా అడుగుతాను. "సూస్తామన్నా" అంటుంది. పోయిన నెల బి.కొత్తకోట నుంచి కొత్తగా చేరిన పిల్లవాడొకడు లిస్టులో పాత జాబులన్నీ తవ్వుకుంటూ నాకు ఫోన్ చేశాడు. "అన్నా, ఇందులో ఎవురో ఒకాయన, పేరు పిచ్చిగీతల్లా కనపడతాండాది, ఎవుర్ని సూసినా మండిపడతాండాడు, ఒకసారి మాత్రం క్షమించమంటాండాడు. ఎవురన్నా ఆయన?"

"ఏమోనప్పా, మదనపల్లె వైపు మనిషి అనుకుంటా" అన్నాను. "ఈ మధ్య కనబళ్ళేదు."