దగ్గరి వాగే తీసుకోమని ఎందుకన్నాను

ఒక మంచి మనిషి నా మూలంగా దొంగ అయ్యాడు. ఈ బరువును ఇన్నేళ్లూ ఎవరికీ చూపకుండా మోశాను. అరవై దాటాక, ఇక్కడ ఇంగ్లండులో, షెఫీల్డ్‌లోనే, మా తెలుగువాళ్లు శనివారాలు నడిపే తరగతిలో పిల్లల పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. వంటలు రాశాను, మా అమ్మ పాటలు రాశాను. ఇది రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లిపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా ఆయన బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక ఇంట్లో ముడుచుకుపోయాడు. గాలి తగిలేచోట తిరగమని మా డాక్టరు చెప్పాడు. తోటి డ్రైవరొకాయన ట్రౌట్ చేపల వేట అలవాటు చేశాడు. ఇక్కడ ఊరికే పోయి గాలం వేయకూడదు. వాగును చూసుకునే క్లబ్బు దగ్గర సీజను మొత్తానికి పర్మిట్ తీసుకోవాలి. ఆ క్లబ్బు చేతిలో రెండు వాగులున్నాయి. ఒక పర్మిట్‌కు ఒకటే.

"ఏ వాగు తీసుకుందామంటవ్?" అని ఆయన నన్నడిగాడు. "దూరమున్న దాంట్ల పట్టిన చేపలు ఒకటి రెండు ఇంటికి తెచ్చుకోవచ్చంట. దగ్గరి దాంట్ల పట్టినా మళ్ల నీళ్లల్లనే ఇడిసిపెట్టాలంట."

"ముందుగాల నీ గాలానికి చేపను పడనియ్యి. ఇడుసుడు సంగతి తర్వాత జూద్దం," అన్నాను. "రెండు బస్సులు మారి ఆ గుట్టెక్కుడు నీ మోకాళ్లతోని అయితదా? దగ్గరిదే తీస్కో."

"అబ్బో, నా మోకాళ్ల మీద ఇంత పావురమా!" అని నవ్వాడు.

ప్రేమ కాదు. మోకాళ్లూ కాదు. ఆ దగ్గరి వాగులో వంపు తిరిగేచోట చెట్ల వేర్లు నీళ్లలోకి దిగి ఉంటాయి. అంతకుముందు ఎండాకాలం ఒకరోజు కాళ్లు కడుక్కుంటూ ఆ వేర్ల కింద చేయి పెట్టాను. చేప తగిలింది.

మా అమ్మ నన్ను బడికి పంపలేదు గాని ఈ విద్య నేర్పింది. రాతి కిందికి చేయి మెల్లగా పోనివ్వాలి. చేప పొట్ట కింద వేళ్లు ఆడిస్తే అది కదలకుండా నిలబడిపోతుంది. అలాగే ముందుకు జరుపుకుంటూ పోయి మొప్పల దగ్గర బిగించాలి. ఈ దేశంలో అలా పట్టడం తప్పని నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పను. పర్మిట్ ఉన్న మనిషి భార్య ఫ్లాస్కు పెట్టుకుని ఒడ్డున కూర్చుంటే ఎవరూ ఏమీ అనుకోరని కూడా తెలుసు. ట్రౌట్ పట్టేవాళ్లు నీటికి ఎదురు నడుస్తారు. ఆయన వీపు ఎప్పుడూ నావైపే ఉండేది.

అంటే, ఆయన పర్మిట్‌ను నేను నా దొంగతనానికి తెరగా కట్టుకున్నాను.

చేపను మార్కెట్లో కొన్నానని చెప్పి చింతపండు పులుసు పెట్టేదాన్ని. ఆయన తన గాలానికి పడినదాన్ని తడి చేత్తో జాగ్రత్తగా వదిలేసి వచ్చి, ఇంట్లో అదే వాగు చేపను లొట్టలేసుకుంటూ తినేవాడు. నాకు నవ్వొచ్చేది. అది కూడా చెప్పాలి కదా. ఎందుకు చేశాను? తిండికి లేకనా? కాదు. ఈ ఊరికి వచ్చినప్పటినుంచి నాకు చేతనైనదేదీ ఎవరికీ అక్కరపడలేదనీ, ఆ చల్లటి నీళ్లలో చేయి పెట్టినప్పుడు మాత్రమే నేను ఏదో ఒక విద్య వచ్చినదాన్నని అనిపించేదనీ చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజముంది. కాని ఆ నిజానికి శిక్ష ఇంకొకరు ఎందుకు పడాలి?

ఆ ఇంకొకరు మారెక్. పోలండ్ అతను, గోదాములో పని. మా ఆయనలాగే పర్మిట్ మీద వచ్చేవాడు. కనిపించినప్పుడల్లా టోపీ తీసి పలకరించేవాడు.

చేపను అక్కడే కోసి, కడిగి, పేగులు రాళ్లమీద పడేయడం నా అలవాటు. మా ఊళ్లో అయితే కాకులు ఎత్తుకుపోయేవి. ఇక్కడ అవి క్లబ్బు మనిషి కంటపడ్డాయి. ఎవరు తిన్నారని ఆరా మొదలైంది. మారెక్ సంచిలో కత్తి దొరికింది. ఆ కత్తితో అతను ఆపిల్ కోసుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను. పైగా వాళ్ల దేశంవాళ్లు పట్టిన వాగు చేపను వదలకుండా తినేస్తారట. ఆ మాట మా ఇంట్లో మా ఆయనే అన్నాడు. నేను అన్నం వడ్డిస్తూ విన్నాను.

ఒకరోజు మధ్యాహ్నం మారెక్ నా దగ్గరికొచ్చాడు. మా ఆయన వాగు ఎగువన ఎక్కడో ఉన్నాడు.

"మేడమ్, మీరు రోజూ ఇక్కడే కూర్చుంటారు," అన్నాడు, నాకు అర్థం కావాలని ఒక్కో ఇంగ్లీషు మాటా విడివిడిగా పలుకుతూ. "నేను చేపలు వదిలేయడం మీరు చూశారు. ఆ ఒక్క మాట వాళ్లకు చెప్పండి. చాలు."

నా కాలి దగ్గర సంచిలో చేప ఇంకా చావలేదు. అది కొట్టుకోవడం నా మడమకు తెలుస్తోంది.

"నో ఇంగ్లీష్," అన్నాను.

చదవడం రాదు గాని, ఏళ్ల తరబడి ఇక్కడి హాస్పిటల్ వంటింట్లో పనిచేసిన నాకు ఆ నాలుగు ముక్కలు అర్థం కాలేదా? అతను చెప్పిన ప్రతి మాటా అర్థమైంది. అతను నా సంచి వైపు చూశాడో, ఊరికే తల దించాడో ఇప్పటికీ తేల్చుకోలేను. "సారీ, మేడమ్," అన్నాడు. నాకే సారీ చెప్పి వెళ్లిపోయాడు.

అతని పర్మిట్ తీసేసుకున్నారు. తర్వాత ఎక్కడా కనిపించలేదు.

నేను భయపడి మానేశాను. పేగులు మళ్లీ కనిపించలేదు. దాంతో అందరికీ రుజువు దొరికినట్టయింది. "జూసినవా, వాడు పోంగనె చేపలు మిగులుతున్నయ్," అన్నాడు మా ఆయన. నేను మానడం కూడా అతని మీదే పడింది. అప్పుడైనా నోరు తెరిచి ఉంటే? తెరవలేదు. రోజు గడిచేకొద్దీ చెప్పడం కష్టమైంది, ఊరుకోవడం సులువైంది.

ఇది చదివి మా ఆయన ఏమంటాడో తెలియదు. మారెక్ ఎక్కడున్నాడో తెలియదు. అతనికి తెలుగు రాదు కాబట్టి ఇది అతనిదాకా చేరదు. చేరని మాటను క్షమాపణ అని పిలవలేను. క్లబ్బుకు చెప్పాలి. ఆ పని ఇంకా మిగిలే ఉంది, ధైర్యం వచ్చిందని కూడా చెప్పను.

కాని ఒక్కటి మాత్రం మీముందు రాయగలిగాను. ఆ చేపలు తీసింది నేను. మారెక్ కాదు. ఈ రెండు ముక్కలూ రాసి పెన్ను పక్కన పెట్టాను. చాలాకాలం తర్వాత ఊపిరి కడుపుదాకా దిగింది.